రిజిస్ట్రేషన్ ఇచ్చేదెంత, ఇవ్వనిదెంత? ప్రత్తిపాడు నుంచి ఒక సమీక్ష

గుంటూరు జిల్లాలో ప్రత్తిపాడు, పెదనందిపాడు, కాకుమాను వైపు నల్లరేగడిలో రెండెకరాలు కొన్నవాళ్లను ఆ పొలం ఎప్పుడు మీదైందని అడగండి. అందరూ రిజిస్ట్రేషన్ జరిగిన రోజే చెబుతారు. పత్తి మీదో మిర్చి మీదో మిగిలిన నాలుగు డబ్బులు, బ్యాంకు అప్పు, ఇంట్లో ఆడవాళ్ల బంగారం కలిపి పోగుచేసిన సొమ్ము ఆ రోజే చేతులు మారుతుంది. సబ్ రిజిస్ట్రారు ముద్ర పడిన దస్తావేజు బీరువాలో చేరుతుంది. ఇక ఈ పొలానికి ఢోకా లేదనుకుంటారు. చాలామంది విషయంలో ఆ నమ్మకం నిలబడుతుంది. నిలబడని ఇంట్లో మాత్రం ఒక తరం సంపాదన దావాల ఖర్చులకే పోతుంది.

భూమి తగాదాల్లో రెండు పక్షాల చేతిలోనూ రిజిస్టరైన దస్తావేజులే ఉండటం అరుదేమీ కాదు. సర్కారు ముద్ర ఉన్న రెండు కాగితాలు ఒకే చేను గురించి రెండు రకాలుగా ఎలా చెబుతాయి? దీనికి జవాబు మన చట్టం కట్టుబడిలోనే ఉంది. మన దగ్గర రిజిస్ట్రేషన్ అనేది జరిగిన లావాదేవీకి సాక్ష్యం మాత్రమే. హక్కుకు పూచీ పడదు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది, దానివల్ల ఎవరు నష్టపోతున్నారు, దాన్ని పూడ్చడానికి చేసిన ప్రయత్నాలు ఎంతవరకు వచ్చాయి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

అయిదు పుస్తకాలు, ఒక కరణం

దేశమంతటికీ వర్తించే రిజిస్ట్రేషన్ చట్టం మొదట 1864లో వచ్చింది. 1866, 1871, 1877లలో మార్పులు చెంది, చివరకు 1908 చట్టంగా స్థిరపడి, 1909 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పటికీ మన సబ్ రిజిస్ట్రారు కూర్చునేది ఆ చట్టం వేసిన కుర్చీలోనే. దానికి జోడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. వంద రూపాయలు, ఆపై విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజుతోనే జరగాలని అందులోని 54వ సెక్షన్ చెబుతుంది. ఆ వంద రూపాయల హద్దు నేటికీ మారలేదు కాబట్టి, ఇప్పటి ధరల్లో ఒక్క సెంటు అమ్మినా రిజిస్టరు కావలసిందే.

1908 చట్టం కార్యాలయంలో అయిదు పుస్తకాలు పెట్టమంది. స్థిరాస్తి దస్తావేజులకు ఒకటో పుస్తకం, నిరాకరణ కారణాలకు రెండోది, వీలునామాలకు మూడోది, ఇతర కాగితాలకు నాలుగోది, దాచుకోమని ఇచ్చిన వీలునామాల వివరాలకు అయిదోది. మొదటి రెండు పుస్తకాలను, ఒకటో పుస్తకం సూచికలను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చని, నకలు తీసుకోవచ్చని 57వ సెక్షన్ హామీ ఇచ్చింది. ఈ చట్టంలో అత్యంత విలువైన వాక్యం ఇదేనని నా నమ్మకం. పొలం చేతులు మారిన సంగతి ఊరందరికీ తెలిసేలా చేసి, ఆ బహిరంగతతోనే కొనేవాడిని కాపాడాలన్నది దాని ఆలోచన.

భూమి ఎవరిదన్న లెక్క మాత్రం ఈ కార్యాలయంలో లేదు. అది రెవెన్యూ శాఖలో, ఊళ్లో కరణం దగ్గర ఉండేది. ఆ లెక్కల బలం ఎంతటిదో ఈ ప్రాంతానికి చెప్పనక్కర్లేదు. 1921–22లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పెదనందిపాడు ఫిర్కా శిస్తు కట్టడం మానినప్పుడు గ్రామాధికారులే ఉద్యోగాలకు రాజీనామాలు ఇచ్చారు. మునసబు, కరణం పక్కకు తప్పుకుంటే సర్కారుకు ఊళ్లో పట్టు దొరకదని ఆనాటి రైతులకు తెలుసు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య ఉద్యోగాలను రద్దు చేసింది. పెత్తనం పోవడం మంచిదే. అయితే ఏ చేను ఎవరి అన్నదమ్ముల్లో ఎవరి వాటాకు వచ్చిందో కంఠోపాఠంగా చెప్పే మనిషి కూడా ఆ పెత్తనంతోపాటే పోయాడు. కాగితం మీద భారం పెరిగింది. ఆ బరువు మోయడానికి కాగితాన్ని మాత్రం సిద్ధం చెయ్యలేదు.

రిజిస్ట్రారు బల్ల ముందు

క్రయ దస్తావేజు ఒకటి తీసి చూద్దాం. పాతవాటిలో నిధి నిక్షేప జల తరు పాషాణాదులతో సహా, పుత్ర పౌత్ర పారంపర్యంగా దాన విక్రయాది సర్వాధికారాలతో అనుభవించమంటూ లేఖరి రాసిన వరసలు కనిపిస్తాయి. చివర షెడ్యూలు ఉంటుంది: ఊరు, సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు, నాలుగు వైపుల చెక్కుబంది. తూర్పున డొంక, దక్షిణాన ఫలానావారి చేను, పడమట పంట కాలువ, ఉత్తరాన అమ్మినవారి మిగులు భూమి. ఆస్తిని గుర్తించగలిగేంత వివరం ఉండాలని 21వ సెక్షన్ కోరేది దీన్నే. విస్తీర్ణం, హద్దులు పొసగనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. కాబట్టి దస్తావేజు మొత్తంలో రైతు వేలు పెట్టి చదివించుకోవలసినవి ఆ నాలుగు వరసలే.

రాసిన నాటినుంచి నాలుగు నెలల్లోగా కాగితం కార్యాలయానికి రావాలి. తగిన కారణం ఉంటే జరిమానాతో మరో నాలుగు నెలలు దొరుకుతుంది. అక్కడ అధికారి చూసేవి ప్రధానంగా రెండే. ఈ దస్తావేజు రాసిచ్చింది మీరేనా? మీరు చెబుతున్న మనిషి మీరేనా? దీనికోసమే సాక్షులు, వేలిముద్రలు, 2001 సవరణతో వచ్చిన 32ఎ సెక్షన్ కింద ఫొటోలు. మరొకరి పేరుతో వచ్చి సంతకం చేస్తే ఏడేళ్ల దాకా శిక్ష. అమ్మేవాడికి ఆ భూమి మీద నిజంగా హక్కుందా అన్నది మాత్రం ఆయన తేల్చే విషయం కాదు. దస్తావేజు చెల్లుబాటును విచారించడం రిజిస్టరింగ్ అధికారి విధుల్లో భాగం కాదని మన రాష్ట్ర రిజిస్ట్రేషన్ నియమాల్లో 58వది స్పష్టంగా చెబుతుంది. అమ్మేవారు తమ హక్కు రుజువు చేసుకోవాలన్న తమిళనాడు నియమం ఒకదాన్ని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, హక్కు విచారణ ఆ అధికారి పని కాదని మళ్లీ చెప్పింది.

ఇంకో చిక్కు 47వ సెక్షన్. రిజిస్టరైన దస్తావేజు రిజిస్ట్రేషన్ తేదీనుంచి కాక, రాసిన తేదీనుంచే అమల్లోకి వస్తుంది. జూన్ 1న ఒకరికి రాసిచ్చి, ఆ కాగితం ఇంకా రిజిస్టరు కాకముందే జూలైలో అదే చేనును ఇంకొకరికి రాసి రిజిస్టరు చేయిస్తే, మొదటివారు సెప్టెంబరులో గడువులోగా రిజిస్టరు చేయించుకున్నా వారిదే పైచేయి అవుతుంది. జూలైలో కొన్నవారు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయించినా మొదటి దస్తావేజు కనిపించదు. కొనబోయే చేను గట్టు మీదికి వెళ్లి పక్క రైతులను అడగడం అందుకే ఇప్పటికీ అవసరం.

ఈ సాక్ష్యానికి కొనేవాడు కట్టేది తక్కువేమీ కాదు. మన రాష్ట్రంలో అమ్మకంపై స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం. 20 లక్షల విలువకు ఇది లక్షన్నర రూపాయలు. ఇంత తీసుకున్న ప్రభుత్వం రేపు దస్తావేజు తేలిపోతే నష్టపరిహారానికి బాధ్యత వహించదు.

ఒక చేను, మూడు లెక్కలు

దస్తావేజు రిజిస్ట్రేషన్ శాఖది. అడంగల్ (సాగు లెక్క), 1బి (హక్కుల రిజిస్టరు), పట్టాదారు పాసుపుస్తకం 1971 నాటి చట్టం కింద రెవెన్యూ శాఖవి. కొలతల పటం, అంటే ఎఫ్ఎంబీ, సర్వే శాఖది. ఒకే చేనుకు మూడు శాఖలు మూడు లెక్కలు రాస్తాయి. ఆ మూడూ ఒకటే చెప్పినప్పుడే రైతు నిశ్చింతగా ఉండగలడు.

కొలతల మూలం తెల్లవారి కాలపు సర్వే. 66 అడుగుల గొలుసుతో కొలిచి, రాళ్లు పాతి, పటాలు గీశారు. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే నేల. అందులో రాయి నిలకడగా ఉండదు. ట్రాక్టరు వచ్చాక గట్లు ఏటా కొంచెం కొంచెం సన్నబడ్డాయి. అన్నదమ్ముల పంపకాల్లో సర్వే నంబరు ముక్కలు ముక్కలైనా, సబ్ డివిజన్ చేయించినవాళ్లు తక్కువ. అందుకే దస్తావేజులో రెండెకరాలు, 1బిలో ఎకరం తొంభై సెంట్లు, కొలిస్తే ఇంకోలా వచ్చే చేలు ప్రతి ఊళ్లో ఉన్నాయి.

ఈసీ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. అది ఇచ్చిన సర్వే నంబరు మీద, అడిగిన కాలంలో రిజిస్టరైన లావాదేవీలను మాత్రమే చూపిస్తుంది. కంప్యూటర్లో దొరికేది 1983 నుంచి. అంతకుముందువాటికి పాత పుస్తకాలు తిరగెయ్యాలి. నంబరు పక్కన ఎ, బి చేరాక పాత నంబరు మీద వెతకకపోతే పాత తనఖా కనిపించకపోవచ్చు. వీలునామా, తెల్లకాగితపు ఒప్పందం, ఇంకా తేలని పంపకాల దావా ఇందులో ఉండవు. కాబట్టి ఈసీతోపాటు అంతకుముందటి అమ్మకాల దస్తావేజులు (లింకు దస్తావేజులు), కుటుంబ వివరాలు, 1బి, పొలం మీద స్వాధీనం కలిపి చూడటమే సరైన పరిశీలన.

పుస్తకానికి ఎక్కనివాళ్లు

రిజిస్ట్రేషన్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా కొనేవాడి కష్టాల దగ్గరే ఆగిపోతారు. అసలు పుస్తకంలో పేరే లేనివాళ్ల సంగతి అంతకంటే పెద్దది.

మొదట ఆడపిల్లలు. పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో ఇవ్వడం ఈ జిల్లాల్లో పాత ఆచారం. పెద్దల ముందు మాట ఇస్తారు, కౌలు డబ్బు కొన్నేళ్లు పంపుతారు, రాయించడం మాత్రం వాయిదా పడుతుంది. స్థిరాస్తి దానానికి రిజిస్టరైన దస్తావేజు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలని ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ అంటుంది. పసుపు కుంకుమకూ దీనినుంచి మినహాయింపు లేదని హైకోర్టు పూర్తి ధర్మాసనం తేల్చింది. తండ్రి పోయి, అన్నదమ్ములు ఆ చేను అమ్ముకుంటే ఆడబిడ్డ చేతిలో మిగిలేది పెద్దల మాట ఒక్కటే. మరోవైపు పిత్రార్జితంలో కూతురికి సమాన వాటా ఇచ్చే చట్టం మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది, దేశమంతటా 2005లో వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో నిమిత్తం లేకుండా ఆ హక్కు పుట్టుకతో వస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కచెల్లెళ్ల సంతకాలు లేని అమ్మకం తరవాత దావాకు దారి తీసేది ఇందుకే. ఆ సంతకాన్ని లాంఛనంగా అడిగే అలవాటు మానాలి. అది వాటాకు సంబంధించిన సంతకం. వాటా ఇచ్చి అడగాలి.

తరవాత కౌలు రైతులు. పత్తి, మిర్చి పెట్టుబడిలో పెద్ద భాగం వాళ్లదే. కౌలు ముందే కట్టి, విత్తనం నుంచి కోత కూలి దాకా భరించేది వాళ్లే. ఏడాది లోపు కౌలుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాబట్టి అంతా నోటిమాటే. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండోది 11 నెలల ఒప్పందానికి కార్డు ఇస్తుంది, కానీ యజమాని సంతకం కావాలంటుంది. కాగితం మీద సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని జంకుతాడు. ఆ జంకుకు మూలం యజమాని హక్కుకే గట్టి పూచీ లేకపోవడం. యజమానికి తన హక్కు మీద ధీమా ఉంటే కౌలుదారుకు కాగితం దొరుకుతుంది. ఈ రెండు సమస్యలూ ఒకే ముడిలో ఉన్నాయి.

మూడోవాళ్లు ప్రభుత్వం కేటాయించిన (అసైన్డ్) భూములు పొందిన పేదలు, ఎక్కువమంది దళితులు. 1977 చట్టం ఆ భూముల అమ్మకాన్ని నిషేధించింది. పేదవాడి చేతిలోంచి భూమి జారిపోకుండా పెట్టిన అడ్డు అది. ఇచ్చి ఇరవయ్యేళ్లు దాటినవాటికి పూర్తి హక్కులు (ఫ్రీహోల్డ్) ఇచ్చేలా 2023లో దాన్ని సవరించారు. 2024లో అక్రమాల ఆరోపణలతో ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆగాయి. నిజమైన లబ్ధిదారు ఎవరు, అతని పేరుతో చక్రం తిప్పిందెవరు అని విడదీసేదాకా ఇద్దరూ ఒకే వరసలో నిలబడ్డారు.

నిషేధిత జాబితా నీడ

రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు చాలామందికి తెలిసే చేదు వార్త, తమ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉందన్నది. 2007లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన ఈ సెక్షన్ ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, మిగులు భూముల దస్తావేజులను తీసుకోవద్దంటుంది. ఉద్దేశం మంచిది. అమలులో ఒక సర్వే నంబరులో కొంత భాగం దేవుడి మాన్యమైతే నంబరు మొత్తం జాబితాకెక్కి, పట్టా రైతు కూడా ఇరుక్కునే పరిస్థితి వచ్చింది. జాబితాలు ఎలా తయారు కావాలో, వేటికి గెజిట్ నోటిఫికేషన్ అవసరమో, అభ్యంతరాలు ఎలా వినాలో 2015 డిసెంబరులో హైకోర్టు పూర్తి ధర్మాసనం వివరంగా చెప్పవలసి వచ్చింది.

చుక్కల భూముల కథ దీనికి దగ్గరి చుట్టం. నూరేళ్ల కిందటి రీసెటిల్మెంట్ రిజిస్టరులో కొన్ని నంబర్ల ఎదుట పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. సాగు చేసుకుంటున్న కుటుంబాలు తరాలుగా శిస్తు కట్టాయి, అమ్ముకున్నాయి, కొనుక్కున్నాయి. తరవాత ఆ చుక్కలు ప్రభుత్వ భూమికి గుర్తులయ్యాయి, రిజిస్ట్రేషన్లు ఆగాయి. వాటిని సరిచేయడానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఒక గుమాస్తా ఖాళీగా వదిలిన గడి వందేళ్ల తరవాత ఒక కూతురి పెళ్లిని, ఒక కొడుకు చదువును ఆపగలదంటే, రికార్డు రాసే పనిలో ఎంత బాధ్యత ఉందో అర్థమవుతుంది.

కంప్యూటరు చేసిన మేలు

1998 నవంబరులో ఉమ్మడి రాష్ట్రం ‘కార్డ్’ పథకంతో సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలను కంప్యూటరీకరించింది. దేశంలోనే తొలి అడుగుల్లో ఇదొకటి. అప్పటిదాకా దస్తావేజును గుమాస్తా చేత్తో పుస్తకంలోకి ఎక్కించేదాకా అసలు కాగితం తిరిగొచ్చేది కాదు. స్కానింగ్ వచ్చాక ఆ నిరీక్షణ తగ్గింది. తరవాత మీభూమి వెబ్‌సైటులో 1బి, అడంగల్ అందరికీ కనిపించాయి. రిజిస్ట్రేషన్ కాగానే రెవెన్యూ రికార్డులో పేరు మారే ఆటో మ్యుటేషన్ వచ్చింది. 2025లో స్లాట్ బుకింగ్ మొదలైంది. 

ఇవన్నీ నిజమైన మేళ్లు. అయితే ఇవి పెంచినది వేగం. పాత రిజిస్టరులో తప్పుంటే ఆ తప్పే ఇంకా తొందరగా, ఇంకా ఎక్కువ చోట్లకు చేరుతుంది.

పూచీ ఇచ్చే చట్టం, దాని పతనం

ప్రభుత్వమే హక్కుకు పూచీ పడే పద్ధతి 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ పేరుతో మొదలైంది. అక్కడ రిజిస్టరులో ఉన్న పేరే యజమాని. రిజిస్టరు పొరపాటువల్ల ఎవరైనా నష్టపోతే పరిహారానికి నిధి ఉంటుంది. అమెరికా దాదాపుగా మన దారిలోనే ఉంది. డాలస్ శివారులో ఇల్లు కొన్న మన తెలుగు కుటుంబం దస్తావేజును కౌంటీ కార్యాలయం నమోదు చేస్తుంది, పూచీ మాత్రం ఇవ్వదు. ఆ లోటును 1876లో ఫిలడెల్ఫియాలో పుట్టిన టైటిల్ బీమా వ్యాపారం పూడ్చింది. మనకు ప్రభుత్వ పూచీ లేదు, సామాన్య రైతుకు అందే బీమా కూడా లేదు.

ఆ ఖాళీని పూడ్చుతామంటూ వచ్చిందే ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టం. 2022లో శాసనసభ ఆమోదించింది, 2023 అక్టోబరు 31న అమల్లోకి తెచ్చారు. టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి పేరు నమోదు చేశాక రెండేళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆ హక్కు తిరుగులేనిదయ్యేది. సివిల్ కోర్టు తలుపు మూసుకునేది. న్యాయవాదులు నెలల తరబడి ఆందోళన చేశారు. 2024 జూన్‌లో కొత్త ప్రభుత్వం రద్దు ఫైలుపై సంతకం చేసింది, జూలైలో సభ రద్దు బిల్లును ఆమోదించింది. ఈలోగా తెలంగాణ వేరే పాఠం చెప్పింది. 2020 అక్టోబరులో వచ్చిన అక్కడి భూ రికార్డుల పోర్టల్ ‘ధరణి’ రిజిస్ట్రేషన్‌ను, మ్యుటేషన్‌ను ఒకే రోజు చేసింది. కానీ అనుభవదారు గడిని తీసేయడం, తప్పు దిద్దుకునే దారి ఇరుకుగా ఉండటం రైతులను ఏళ్లపాటు తిప్పింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది.

ఈ రెండు అనుభవాలూ ఒకే లోపాన్ని చూపుతున్నాయి. నేలను సరిగా కొలవకముందే, రికార్డును దిద్దకముందే, తుది మాట చెప్పే అధికారాన్ని ముందుకు తెచ్చారు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే ఇంకా ఊళ్లు చుట్టి రాకముందే తిరుగులేని హక్కు చట్టం వచ్చిపడింది. ఆ రీసర్వేలో పాత సర్వే నంబర్లకు బదులు ల్యాండ్ పార్సిల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబర్లు వచ్చాయి. కొన్నిచోట్ల పలువురి చేలు ఒకే ఎల్‌పీఎంలో పడి జాయింటు నంబర్లయ్యాయి. 2024లో గ్రామసభలు పెట్టి ఫిర్యాదులు తీసుకుని, 2025లో రీసర్వేను మళ్లీ ప్రారంభించవలసి వచ్చింది. పని తొందరగా ముగించాలన్న ఆత్రం చివరికి ఆలస్యానికే దారితీసింది.

వరస మారాలి

1908 చట్టం స్థానంలో కొత్త రిజిస్ట్రేషన్ చట్టానికి కేంద్రం 2025లో ముసాయిదా విడుదల చేసింది. ఆన్‌లైన్ సమర్పణ, అగ్రిమెంట్లకు కూడా రిజిస్ట్రేషన్ వంటివి అందులో ఉన్నాయి. మంచిదే. కానీ ప్రత్తిపాడు రైతుకు కావలసింది ముందు వరస కుదరడం. మొదట కొలత: పక్క రైతుల సమక్షంలో, కౌలుదారును కూడా పిలిచి, గట్టు మీద నిలబడి చేసిన కొలత. తరవాత రికార్డు: దస్తావేజు షెడ్యూలు, 1బి, పటం ఒకే విస్తీర్ణం చూపేదాకా ఉచితంగా దిద్దుబాటు, కుటుంబంలో ఆడపిల్లల పేర్లు రాయకుండా వారసత్వ మ్యుటేషన్ జరగకపోవడం, 22ఎ జాబితాలో చేర్చేముందు నోటీసు, తీసేయడానికి గడువు. ఇవి తేలాకే పూచీ. ఆ పూచీ ఇచ్చేరోజున పరిహార నిధి ఉండాలి, సివిల్ కోర్టు తలుపు తెరిచి ఉండాలి. కొనేవాడు కట్టే ఏడున్నర శాతంలో ఒక చిన్న భాగం ఆ నిధికి మళ్లితే, పన్ను అర్థవంతమవుతుంది.

అంతవరకు పౌరుడి చేతిలో ఉన్న ఆయుధం 57వ సెక్షన్. పుస్తకం అందరిదీ. కొనబోయేవారు ఈసీ, లింకు దస్తావేజుల నకళ్లు స్వయంగా తీయించుకోవాలి, షెడ్యూలును సర్వేయరు చేత పొలంలో సరిచూసుకోవాలి. తండ్రులు పసుపు కుంకుమ భూమిని పెళ్లినాడే రాసివ్వాలి. సమీప బంధువుల మధ్య సెటిల్మెంటుకు స్టాంపు డ్యూటీ అమ్మకంకన్నా తక్కువే. యజమానులు కౌలుదారు కార్డు మీద సంతకం పెట్టాలి. 11 నెలల ఒప్పందంతో యాజమాన్యం ఎక్కడికీ పోదు. భూమిని నమ్ముకుని బతికే ప్రాంతంలో భూమి లెక్క సరిగా రాయడం ప్రభుత్వ బాధ్యత, రాయించుకోవడం మన బాధ్యత. ఈ రెండూ కలిసినప్పుడే దస్తావేజు మీది ముద్ర విలువ పెరుగుతుంది.